బుడే సాహెబ్ గరుకు నేల

తెనాలి ఐతానగర్‌లో మా ఎదురింటి బుడే సాహెబ్ బతుకంతా ఒక్క మాట చెవిన పడకూడదనే పాటుపడ్డాడు. ఆ మాట 'గరుకు'.

ఆయన పని మొజాయిక్ గచ్చులకు పాలీషు పెట్టడం. మేస్త్రీలు సిమెంటులో రంగురంగుల చలువరాతి ముక్కలు కలిపి గచ్చు పోసి వెళ్ళిపోతారు. ఆరాక చూస్తే అది తారు వేయని కంకర రోడ్డులా ఉంటుంది. అప్పుడు బుడే సాహెబ్ తన మెషీను తోపుడుబండి మీద పెట్టుకుని వచ్చేవాడు. నీళ్ళు చల్లుకుంటూ ముందు మోటు రాయితో, తర్వాత సన్నరాయితో, ఆ తర్వాత ఇంకా సన్నరాయితో అరగదీసేవాడు. మోకాళ్ళ దాకా బూడిదరంగు బురద. ఆఖరున మైనం పట్టించి తుడిస్తే, సిమెంటు కింద దాక్కున్న రాళ్ళు ఎర్రగా, పచ్చగా, మీగడ రంగులో పైకి తేలేవి. ఇంటావిడ చెప్పులు విప్పి ఆ మూల నుంచి ఈ మూలకు అరికాలు జారుస్తూ నడిచేది. "ఈ గుమ్మం దగ్గర కాస్త గరుగ్గా ఉంది బాబాయ్" అందంటే ఆయన మొహం వాడిపోయేది. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ రాయి.

మనకు గరుకు అనే మాట వంద చోట్ల పనికొస్తుంది. గేదె నాలుక గరుకు. కొత్త తువ్వాలు గరుకు. గెడ్డం గీసుకోని తండ్రి బుగ్గ పిల్లవాడికి గరుకు. వీటిలో ఎక్కడా తప్పు పట్టడం లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పడమే. బుడే సాహెబ్‌కి మాత్రం అది తిట్టు. పని చేతకాని వాడిని అనే మాట.

ఆయన సొంత ఇంటి హాలు గచ్చు మా వీధిలో ఒక వింత. పని చేసిన ప్రతి ఇంట్లోనూ మిగిలిన రాతిముక్కలు గుప్పెడో దోసెడో అడిగి తెచ్చుకుని, ఏళ్ళ తరబడి డబ్బాల్లో దాచి, ఆ ముక్కలతోనే తన హాలు పోయించాడు. అందుకే అందులో ఒక రంగుకూ ఇంకో రంగుకూ పొత్తు లేదు. "తెనాలి ఇళ్ళన్నీ తలా కాస్త మా ఇంట్లో ఉన్నాయండి" అనేవాడు. దానికి ఆయన పెట్టిన పాలీషు ఇంకే ఇంటికీ పెట్టలేదు. పైన తిరిగే ఫ్యాను కింద గచ్చులో కూడా తిరిగేది.

తర్వాత షాపుల నుంచి అద్దాల్లాంటి టైల్సు నేరుగా రావడం మొదలైంది. వాటికి పాలీషు అక్కర్లేదు. కొడుకు యాసిన్ టైల్స్ షాపులో చేరి అవి అతికించే పని నేర్చుకున్నాడు. హైదరాబాదు పిల్ల సిమ్రాన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. బుడే సాహెబ్‌కి పాత ఇళ్ళ గచ్చులు మళ్ళీ మెరిపించే పని అప్పుడప్పుడూ దొరికేది. మిగతా రోజుల్లో ఇంట్లో తన గచ్చునే తుడుచుకుంటూ కూర్చునేవాడు.

రంజాను ముందు ఇల్లు కడుగుతుండగా ఆయన భార్య మున్నీసా ఆ గచ్చు మీద జారి పడింది.

సబ్బునీళ్ళు ఉన్నాయి. ఆమె చేతిలో బకెట్టు ఉంది. పడ్డ చప్పుడు మా ఇంటికి వినిపించింది. నేను వెళ్ళేసరికి ఆమె పక్కకు ఒరిగి, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. బుడే సాహెబ్ ఆమెను లేపబోయి తానూ జారి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. తుంటి ఎముక విరిగిందన్నారు. గుంటూరు తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించారు. రాడ్డు వేసి పంపించారు.

ఇంటికి వచ్చాక అసలు కష్టం మొదలైంది. వాకర్ పట్టుకుని రోజూ కాసేపు నడవాలని డాక్టరు చెప్పాడు. మున్నీసా మంచం దిగదు. కాలు కింద పెట్టమంటే ఆ గచ్చు వైపు ఈత రాని వాళ్ళు కాలవ వైపు చూసినట్టు చూసేది. యాసిన్ రబ్బరు పట్టాలు తెచ్చి పరిచాడు. ఆ నునుపు మీద పట్టాలే జారాయి. ఇక ఆమె కాలు ముడుచుకుని మంచం మీదే ఉండిపోయింది. కాలు సన్నబడడం మొదలైంది.

బుడే సాహెబ్ ఆ రోజుల్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. టీ చల్లారిందని కోడలి మీద విసుక్కునేవాడు. పరామర్శకు వచ్చిన వాళ్ళతో "చూశారుగా, ఇక వెళ్ళండి" అనేవాడు. మేమంతా నొచ్చుకున్నాం. ఆయన విసుగంతా తన మీద తనకేనని మాకు ఆలస్యంగా తెలిసింది.

ఒకరోజు మధ్యాహ్నం నేను చూడబోయేసరికి సిమ్రాన్ అత్తగారికి అన్నం తినిపిస్తోంది. బుడే సాహెబ్ గుమ్మం దగ్గర పళ్ళెం పెట్టుకుని తింటున్నాడు. కూరలో ఉప్పు గురించి ఏదో అన్నాడు, గట్టిగానే. సిమ్రాన్ కళ్ళు తుడుచుకుంటూ నాతో అంది:

"ఏంటో అంకుల్, అబ్బా ఈమధ్య చాలా గరుకు అయిపోయారు."

ఆమె తెలుగు ఇక్కడికి వచ్చాక నేర్చుకున్నది. మామగారిని మాత్రం యాసిన్‌లాగే 'అబ్బా' అంటుంది, నాన్న అని. మున్నీసాకి నవ్వు వచ్చింది. పడ్డాక ఆమె నవ్వడం నేను చూడడం అదే మొదటిసారి.

"గరుకు కాదే పిల్లా, కరుకు" అంది. "మాటకైతే కరుకు. చేతికి తగిలేదైతే గరుకు. మీ మామ మాట ఇప్పుడు కరుకయింది. చెయ్యి ముందునుంచీ గరుకే."

"రెండూ ఒకటే కదా అమ్మీ. రెండూ బాగుండవు."

"ఒకటెలా అవుద్ది? కరుకు మాట ఎవరికి కావాలి? గరుకు అలా కాదు." మున్నీసా వెనక్కి వాలింది. "మా పుట్టింట్లో రోలు ఉండేది. రుబ్బీ రుబ్బీ నున్నబడిపోయేది. నున్నటి రోట్లో పప్పు నలగదు, పక్కకి జారిపోద్ది. అప్పుడు మా అమ్మ కక్కు కొట్టే ఆవిడ వీధిలోకి వచ్చిందాకా చూసి పిలిచేది. ఆవిడ ఉలీ సుత్తీ పెట్టి రోలంతా టకటకా కొట్టి గరుకు చేసి వెళ్ళేది. మళ్ళీ పప్పు మెత్తగా నలిగేది. గరుకు ఉంటేనే పట్టు ఉంటదే."

సిమ్రాన్ ఇంకో ముద్ద కలిపింది. బుడే సాహెబ్ చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన తినలేదు. లేచి చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. కోపం వచ్చిందేమో అనుకున్నాం.

మర్నాడు పొద్దున హాల్లోని బీరువా, కుర్చీలు వాకిట్లోకి వచ్చేశాయి. మున్నీసా మంచాన్ని లోపలి గదిలోకి జరిపారు. బుడే సాహెబ్ ఎక్కణ్ణుంచో ముఖం నిండా పళ్ళున్న సుత్తి ఒకటి తెచ్చాడు. రాళ్ళు చెక్కేవాళ్ళ దగ్గర ఉంటుంది అలాంటిది. గోడవార బాసింపట్టు వేసుకుని కూర్చుని మొదటి దెబ్బ కొట్టాడు. ఫ్యాను నీడ తిరిగే ఆ అద్దం మీద ముగ్గుపిండి చిటికెడు రాలినట్టు తెల్లటి మచ్చ పడింది.

యాసిన్ పరిగెత్తుకొచ్చాడు. "అబ్బా, ఏంటిది? టైల్స్ వేయిద్దాంలే, జారనివి ఉన్నాయి. దీన్ని పాడు చెయ్యొద్దు."

"టైల్స్ వేస్తే ఇది కిందకి పోద్దిగా" అన్నాడు బుడే సాహెబ్ తల ఎత్తకుండా. "ఇది ఉండాలి. మీ అమ్మ దీని మీదే నడవాలి."

వీధంతా ఆ టకటక విన్నది. మెషీను చప్పుడుకు అలవాటుపడిన మాకు అది కొత్త. ఆయన పని చేస్తూ ఆగేవాడు, చెయ్యి వేసి తడిమేవాడు, మళ్ళీ కొట్టేవాడు. ఎర్రరాయి, పచ్చరాయి అన్నీ తెల్లటి పొడి కింద మాసిపోయాయి. ఒకసారి నేను గుమ్మంలో నిలబడి ఉంటే అన్నాడు:

"అరగదీసేటప్పుడు ఎక్కడ ఆపాలో తెలుసండి నాకు. గరుకు పోయిందాకా. ఇది ఎక్కడ ఆపాలో తెలీడం లేదు."

హాలు పూర్తయ్యాక కడిగి ఆరబెట్టారు. మెరుపు పోయింది కాని రంగులు మళ్ళీ లోపల నుంచి మసగ్గా కనిపించాయి, నీళ్ళ అడుగున గులకరాళ్ళలా. బుడే సాహెబ్ దాని మీద బకెట్టెడు నీళ్ళు తానే కుమ్మరించి, అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు. తర్వాత భార్యను పిలిచాడు.

మున్నీసా వాకర్ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. సిమ్రాన్ ఒక పక్క, యాసిన్ ఒక పక్క. ఆమె బొటనవేలు ముందు పెట్టింది. తర్వాత మడమ పెట్టింది. కాసేపు అలాగే నిలబడింది.

"ఎలా ఉంది మున్నీ?" అన్నాడు.

"గరుగ్గా ఉంది."

అని ఇంకో అడుగు వేసింది. బుడే సాహెబ్ గోడకు చేరగిలబడి కూర్చుండిపోయాడు. బతుకంతా ఏ మాటకు భయపడ్డాడో ఆ మాట విని ఆయన కళ్ళు నిండాయి. ఆవిడ ఆ గదిలో కిటికీ దాకా వెళ్ళి, ఊచలు పట్టుకుని వీధిలోకి చూసి, అక్కణ్ణుంచే వాకిట్లో నిలబడ్డ నన్ను "బాగున్నారా?" అని పలకరించింది.

ఆ నోటా ఈ నోటా సంగతి ఊళ్ళో పాకింది. మొదట మా వీధిలోనే ఒక ముసలాయన బాత్రూము. తర్వాత నందివెలుగులో పున్నారావు అనే రైతు కొత్త డాబా మెట్లు. నల్ల గ్రానైటు వేయించాడు, వాన పడితే ఎవరూ ఎక్కలేరు. బుడే సాహెబ్ ప్రతి మెట్టు అంచునా జానెడు వెడల్పున కక్కు కొట్టి ఇచ్చాడు. బాపట్లలో ఒక కల్యాణమండపం చేతులు కడుక్కునే చోటు గరుకు చేశాడు. ఆ వయసులో ఆయనకు మళ్ళీ చేతినిండా పని దొరికింది. దాంతోపాటు ఒక పట్టుదల కూడా వచ్చింది. ఎవరింటికి వెళ్ళినా ముందు నేలకేసి చూసేవాడు. "ఎందుకండి ఇంత నునుపు? మొహం చూసుకోడానికా?" అనేవాడు. మా ఇంట్లో నేను అడగకుండానే పెరటి గుమ్మం దగ్గర బండ గరుకు చేసిపెట్టాడు. ఇదివరకు గరుకు ఎంత చెడ్డదో ఇప్పుడు నునుపు ఆయనకు అంత చెడ్డదయింది.

రేపల్లె నుంచి చెంచురామయ్య అనే ఆయన ఫోన్ చేసింది అప్పుడే. ఎరువుల కొట్టు ఆయనది. యాసిన్ పనిచేసే షాపులో టైల్స్ కొనేటప్పుడు ఈ సంగతి విన్నాడట.

"మా అమ్మకి కాళ్ళు సరిగా పని చెయ్యవు బాబాయ్. తన గదిలోంచి వసారా మీదుగా బాత్రూముకి వెళ్ళాలి. గచ్చు నున్నగా ఉంది. నాకు భయంగా ఉంది" అన్నాడు.

బుడే సాహెబ్ రేపల్లె పాసింజర్ ఎక్కి వెళ్ళాడు. ఆ పెద్దావిడ, పేరు సుబ్బాయమ్మ, కర్లపాలెంలో కూతురి దగ్గర ఉంది. దుమ్ము పడకూడదని పని అయ్యేదాకా అక్కడే ఉంచారు. ఆయన వసారా అంతా, గది అంతా, గోడ నుంచి గోడ దాకా గరుకు చేశాడు. కాళ్ళు పని చెయ్యవన్నారు కదా అని ఇంకొంచెం ఎక్కువే కొట్టాడు. చెంచురామయ్య సంతోషించి, భోజనం పెట్టి పంపించాడు.

కొన్నాళ్ళకు మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి చెంచురామయ్య గొంతు వేరుగా ఉంది. "ఒకసారి వస్తారా? అమ్మ మిమ్మల్ని చూడాలంటోంది" అన్నాడు తప్ప ఏమీ చెప్పలేదు.

ఆయన వెళ్ళేసరికి సుబ్బాయమ్మ వసారాలో కూర్చుని ఉంది. రండి అని పిలిచి, తానే ఆయన వైపు వచ్చింది. వచ్చిన తీరు చూసి బుడే సాహెబ్ నిలబడ్డ చోటే ఆగిపోయాడు. ఆవిడ నడవలేదు. రెండు అరచేతులూ నేలకు ఆనించి, ఒంటిని కొంచెం లేపి, ముందుకు దేకింది. మళ్ళీ చేతులు, మళ్ళీ దేకడం. చిన్నప్పుడే జ్వరం వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయట. ఆ ఇంట్లో ఆవిడ బతుకంతా అలాగే తిరిగింది. అలాగే వంట చేసింది, అలాగే కొడుకునూ కూతురినీ పెంచింది.

ఆవిడ అరచేతులకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. చీర వెనక భాగం చిరుగులు పట్టింది.

బుడే సాహెబ్ ఆమె ఎదురుగా నేల మీద కూలబడ్డాడు. "మీరు ఇలా అని నాకు చెప్పలేదమ్మా" అన్నాడు. వెంటనే, "నేను అడగలేదు" అన్నాడు.

"వాడికీ తెలీదులే నాయనా" అంది సుబ్బాయమ్మ. "పుట్టినప్పటినుంచీ చూస్తున్నాడు కాబట్టి వాడికి నేను నడుస్తున్నట్టే లెక్క. నీ పని బాగానే ఉంది, నడిచేవాళ్ళకి. నాకు గచ్చు జారాలి. జారితేనే నా నడక."

ఆయన చొక్కా చేతులు మడిచి, కాళ్ళు చాపుకుని, అరచేతులు నేలకు ఆనించి, ఆవిడలాగే గది గుమ్మం దాకా దేకాడు. చెంచురామయ్య వద్దు వద్దని వెంట వచ్చాడు. సగం దూరానికే చేతులు మండాయి. తాను గట్టిగా కొట్టిన చోటల్లా చేతులకే తెలిసింది. ఇన్నాళ్ళూ ఆ గరుకును ఆయన చేత్తో తడిమి చూసినా, లెక్క వేసింది అరికాలికే.

మెషీను తీసుకురావడం ఆ ఇరుకు వసారాలో కుదరదు. ఆయన తెనాలి వెళ్ళి, చేత్తో పట్టుకుని రుద్దే రాళ్ళు సంచీలో వేసుకుని వచ్చాడు. గోడ వెంబడి, ఆవిడ ఒంటికి సరిపడా వెడల్పున, గది నుంచి బాత్రూము దాకా ఒక బాట సుద్దతో గీశాడు. ఆ బాట వరకూ నునుపు. మిగతాది కొడుకూ కోడలూ తడికాళ్ళతో తిరిగేది కాబట్టి గరుకు అలాగే ఉంచుతానన్నాడు.

ఆయన రుద్దుతూ ముందు వెళ్తుంటే సుబ్బాయమ్మ వెనకే వచ్చి చెయ్యి వేసి చూసేది. చెప్పడానికి ఆవిడ దగ్గర బోలెడు మాటలు ఉన్నాయి.

"ఇది ఇంకా గరుకే."

ఆయన రుద్దేవాడు.

"ఇప్పుడు గరుకు పోయి బరకయింది. ఇడ్లీరవ్వ."

"ఇప్పుడమ్మా?"

"బొంబాయిరవ్వ."

ఆయన రాయి మార్చాడు. నీళ్ళు చల్లి ఇంకా రుద్దాడు. ఆవిడ చేతికి చుట్టిన పీలిక విప్పి, పుండు తగలకుండా వేళ్ళ కొసలతో నిమిరింది.

"శనగపిండి. ఇక్కడ ఆపు నాయనా. ఇంకా నున్నగా అయితే చేతికి పట్టు ఉండదు, ముందుకు తోసుకోలేను."

ఎక్కడ ఆపాలో ఒకరు పక్కన కూర్చుని చెప్పడం ఆయన పనిలో అదే మొదలు. మైనం పట్టించబోతే అదీ వద్దంది. పని అయిన రోజు సాయంత్రం, గచ్చు ఆరాక ఆవిడ ఆ బాట మీద అటు చివరి దాకా వెళ్ళి, తిరిగి వచ్చింది. మొహంలో ఆయాసం ఉంది, నొప్పి లేదు. చెంచురామయ్య తల్లి చేతుల వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ చేతులతోనే ఆవిడ నడుస్తుందన్న సంగతి ఆయనకు ఆ పూట కొత్తగా తెలిసినట్టుంది.

ఆ తర్వాత బుడే సాహెబ్ మారాడని అందరూ అంటారు. మారింది పెద్దగా ఏం లేదు. పని ఒప్పుకునే ముందు ఇంట్లో ఉన్నవాళ్ళనందరినీ చూడాలంటాడు, అంతే. ఎవరెవరు ఉంటారు, చెప్పులతో తిరుగుతారా, పసిపిల్లలు పాకుతున్నారా, చక్రాల కుర్చీ ఉందా అని అడుగుతాడు. కొందరికి విసుగు. బాపట్లలో ఒకాయన "గచ్చు పనికి వచ్చావా, సంబంధం చూడడానికి వచ్చావా?" అన్నాడట. ఆయన మొహమాటపడలేదు. నునుపు చెడ్డదని ఇప్పుడు అనడు, గరుకు మంచిదనీ అనడు. "ఎవరికి?" అని అడుగుతాడు.

ఇంట్లో మాత్రం గరుకు వల్ల ఇబ్బందులు లేకపోలేదు. తుడిచే గుడ్డ పోగులు పోగులుగా ఊడి వస్తోందని సిమ్రాన్ సణుగుతుంది. టీ ఒలికితే మరక దిగిపోతుంది. ఫ్యాను ఇప్పుడు పైన మాత్రమే తిరుగుతుంది. మున్నీసా వాకర్ వదిలేసి కర్రతో, ఒక్కోసారి కర్ర కూడా మర్చిపోయి తిరుగుతోంది.

ఈ సంగతంతా విని మున్నీసాకు సుబ్బాయమ్మను చూడాలనిపించింది. "నేను నునుపు మీద పడ్డాను, ఆవిడ గరుకు మీద గీరుకుపోయింది. ఇద్దరికీ చేసింది నువ్వే. ఆవిణ్ణి నాకు చూపించు" అంది మొగుడితో. పోయిన చలికాలంలో ఇద్దరూ రైలెక్కారు. తోడుగా నేనూ వెళ్ళాను.

సుబ్బాయమ్మ అరచేతులు మానిపోయాయి. ఇద్దరూ వసారాలో కూర్చుని గచ్చు గురించి కాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత తుంటి నొప్పి గురించి, గోంగూరలో రొయ్యలు వేస్తే రుచా వేయకపోతే రుచా అన్నదాని గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. బుడే సాహెబ్ గోడవార బాట మీద ఊరికే చెయ్యి వేసి చూస్తూ ఉన్నాడు. ఇంతలో సుబ్బాయమ్మకు ఏదో గుర్తొచ్చింది.

"మా గేదె నిన్న ఈనింది. పెయ్యదూడ. పెరటి గుమ్మంలోంచి కనపడుద్ది, చూద్దువుగాని రా."

ఆవిడ గోడ పక్కన నునుపు బాట మీద దేకుతూ బయల్దేరింది. మున్నీసా లేచి, చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, ఆవిడ పక్కనే గరుకు మీద కాళ్ళు ఆనించి నడిచింది. మాట్లాడుకుంటూ ఒకే వేగంతో వెళ్ళారు.